ఉప్పుకు తోడు ఏది?

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారక ఉపన్యాసం, కాజీపేట

ఈ రోజు మాట్లాడబోయేది వంటింటి సంగతి కాబట్టి నాకు అసలు పరీక్షకులు ఇంటి పని ముగించుకుని వచ్చి చివరి వరుసల్లో కూర్చున్న అమ్మలు, అక్కలే.

ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆయన గురించి ముందు నాలుగు మాటలు. రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో మనం ఎన్.ఐ.ఎన్. అని పిలుచుకునే సంస్థ అయింది. ఆయన తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు, ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.)కి అధిపతి అయ్యారు. 2001లో కన్నుమూశారు. పదవులు చాలామందికి వస్తాయి. ఆయన్ని నేను తలుచుకునేది కాంగ్రా లోయ వల్ల.

హిమాలయాల దిగువన ఉన్న ఆ లోయలో మెడ దగ్గర గడ్డలా ఉబ్బే గాయిటర్ ఇంటింటా ఉండేది. మట్టిలో అయొడీన్ లేదు, నీళ్లలో లేదు, కాబట్టి పంటలోనూ లేదు. 1956లో ఆయన బృందం సుమారు లక్ష జనాభా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేసింది. రెండు భాగాల్లో అయొడీన్ కలిపిన ఉప్పు ఇచ్చారు, మూడోదాంట్లో మామూలు ఉప్పు. ఐదారేళ్లకు ఆ రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడోచోట ఎక్కడిదక్కడే ఉంది. దాంతో మూడో భాగానికీ అయొడీన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పేదా గొప్పా తేడా లేకుండా ప్రతి ఇంటి గడపా దాటే వస్తువు ఏది అని వెతికి, ఆ వస్తువు మీద మందును ఎక్కించి పంపారన్నమాట.

అయొడీన్‌ను మోసుకొచ్చిన ఆ ఉప్పే ఈనాడు నా దగ్గరికి వచ్చే సగం మంది రక్తపోటుకు ఒక కారణం. అందుకని ఉప్పును తిట్టడానికి నేను ఈ వేదిక ఎక్కలేదు. "ఉప్పు తగ్గించండి" అని ముప్పై ఏళ్లు చెప్పాను. అది సగం మాటేనని ఆలస్యంగా తెలిసింది. మిగతా సగం ఏమిటంటే, ఉప్పుకు తోడుగా పళ్లెంలో ఉండాల్సిన పొటాషియం, మెగ్నీషియం మన కళ్ల ముందే పళ్లెం దిగి వెళ్లిపోయాయి. గుండె లెక్క చూసేది రెంటినీ కలిపి. ఇదే నా వాదం. దీన్ని మెట్టు మెట్టుగా చెబుతాను.

1

మొదట ఒక టిఫిన్ బాక్స్.

కొన్నేళ్ల కింద ఒక లోకో పైలట్ నా దగ్గరికి వచ్చాడు. బల్లార్షా లైన్‌లో గూడ్స్ నడిపే మనిషి. నలభై ఆరేళ్లు. బీపీ 164/102. రెండు రకాల మాత్రలు వాడుతున్నా దిగడం లేదు. ఉప్పు సంగతి అడిగితే, "పైనుంచి అస్సలు ఏసుకోను సారూ" అన్నాడు. నిజమే చెప్పాడు. అటునుంచి అటే డ్యూటీకి పోతున్నాడు, చేతిలో బాక్స్ ఉంది. తెరిచి చూపించమన్నాను. కింది గిన్నెలో తెల్లటి సన్నబియ్యం అన్నం, మీద మామిడికాయ తొక్కు రెండు చెంచాలు. పై గిన్నెలో పచ్చిపులుసు. కాగితంలో చుట్టిన చల్లమిరపకాయలు నాలుగు. కూర లేదు. రాత్రి డ్యూటీకి కూర పాడైతదని ఇంట్లో పెట్టరట. తొక్కు పాడుకాదు.

తొక్కు పాడుకానిది దేనివల్ల? ఉప్పువల్లే. తొక్కు బరువులో పదో వంతుకు పైగా ఉప్పే ఉంటుంది. రెండు చెంచాలు ముప్పై గ్రాములనుకుంటే అందులోనే మూడు గ్రాముల ఉప్పు. పచ్చిపులుసులో ఒక గ్రాము, మజ్జిగలో ఉప్పేసి నానబెట్టి ఎండబెట్టిన మిరపకాయల్లో మరికొంత. రోజంతటికీ ఐదు గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ఎన్.ఐ.ఎన్. కూడా చెబుతున్నాయి. ఆ ఐదు గ్రాములూ ఈ ఒక్క బాక్స్‌లోనే దాదాపు అయిపోయాయి. ఇక ఇంట్లో తినే పూట, స్టేషన్ బయట తినే మిర్చీలు, బజ్జీలు అన్నీ అదనం.

మనవాళ్లు మొత్తం ఎంత తింటున్నారో కొలిచినవాళ్లున్నారు. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి లెక్కగట్టడమే దీనికి నమ్మకమైన దారి. 2017లో అచ్చయిన ఒక సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో మనిషికి రోజుకు తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు తేలింది. ఢిల్లీ, హర్యానాల కన్నా మనదే ఎక్కువ.

అమ్మలారా, ఈ లెక్క మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. మూత్రం పట్టక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీదే పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్లీ రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. ఇరవై ఆరు రోజులకే అయిపోతే మీరు ఆ సర్వే లెక్కలోనే ఉన్నారు. ఎండాకాలం తొక్కులకని విడిగా తెచ్చే దొడ్డుప్పు దీనిలో కలవదు. దాన్నీ కలుపుకోండి.

ఉప్పు మనకు ఎప్పుడూ ఇంత చవక కాదు. మనది సముద్రం లేని సీమ. తీరం నుంచి ఎద్దుల మీద ఉప్పు మోసుకుని వచ్చిన బంజారాలే లోపలి ఊళ్లకు ఉప్పు పెట్టారు. లవణం అన్న మాట నుంచే లంబాడీ అన్న పేరు వచ్చిందని కొందరంటారు. ఇక్కడి చుట్టుపక్కల తండాల్లో ఉన్నవాళ్లు ఆ ఉప్పు బాటల మీద తిరిగిన వాళ్ల వారసులు. మోసుకొచ్చిన ఉప్పును మనిషి చిటికెలతో వాడతాడు. తర్వాత రైలొచ్చింది. వ్యాగన్లలో ఉప్పొచ్చింది. అందరికీ అందింది, మంచిదే. కానీ చిటికె కాస్తా చెంచా అయింది.

2

ఉప్పు ఎక్కువైతే బీపీ ఎందుకు పెరుగుతుంది? ఈ ప్రశ్నకు "ఒంట్లో నీరు పట్టేస్తుంది" అని ఒక్క మాటలో చెప్పేస్తాం. అసలు కథ అంతకన్నా అందమైనది. కొంచెం ఓపిక పట్టండి.

మన ఒంట్లోని ప్రతి కణం ఒక చిన్న ఇల్లు అనుకోండి. ఇంటి లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడా ఉంటేనే నరం పలుకుతుంది, గుండె కొట్టుకుంటుంది. అయితే సోడియం ఎప్పుడూ లోపలికి జొరబడుతూనే ఉంటుంది. దాన్ని బయటికి నెట్టే పంపు ఒకటి కణం గోడలో ఉంది. మూడు సోడియంలను బయటికి నెట్టి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కూ అనే ఆయన పీత నరాల్లో దీన్ని కనిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, దానికి నోబెల్ బహుమతి వచ్చింది. మనం పడుకుని ఉన్నా సరే, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దాకా ఈ పంపు తిప్పడానికే పోతుంది.

ఆ పంపును తిప్పే ఇంధనం ఏ.టి.పి. ఇక్కడ మనం ఒక నిమిషం ఆగాలి. ఎందుకంటే 1929లో ఆ ఏ.టి.పి.ని కండరంలో గుర్తించినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ పని చేశారు, అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా చేశాడు. అంతకు ముందు 1925లో రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు ఇద్దరూ కలిసి తయారుచేశారు. దేశదేశాల ప్రయోగశాలలు దాన్ని వాడుకున్నాయి. ఒక ఖనిజాన్ని జాగ్రత్తగా కొలవడంతోనే ఆయన జీవశక్తి రహస్యం దాకా వెళ్లారు. ఇంకో సంగతి. కణంలో ఏ.టి.పి. ఒంటరిగా పనిచేయదు, మెగ్నీషియాన్ని పట్టుకునే పనిచేస్తుంది. ఈ మెగ్నీషియం మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కిడ్నీ దగ్గరికి వద్దాం. మనిషి జాతి వేల తరాలు ఆకులు, దుంపలు, పండ్లు, గింజలు తిని బతికింది. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం అంతంత మాత్రం. కాబట్టి కిడ్నీ నేర్చుకున్న విద్య ఒకటే: సోడియం అపురూపం, పట్టుకో. పొటాషియం కావలసినంత వస్తుంది, వదిలెయ్. మనం ఆ రెంటినీ తారుమారు చేశాం. పొటాషియం తగ్గిపోయింది. అప్పుడు కిడ్నీ చివరి గొట్టాల్లో ఒక వింత జరుగుతుంది. రక్తంలో పొటాషియం తగ్గినట్టు తెలియగానే, ఉన్నదాన్ని కాపాడుకోవడం కోసం కిడ్నీ సోడియాన్ని వెనక్కి పీల్చుకునే తూములను తెరుస్తుంది. అప్పటికే ఉప్పు ఎక్కువ తిన్నా సరే, తెరుస్తుంది. అదే పొటాషియం బాగా అందిందా, ఆ తూములు మూసుకుంటాయి, మిగులు సోడియం మూత్రంలో కొట్టుకుపోతుంది.

నేను సగం మాట అన్నది దీన్నే. పది గ్రాముల ఉప్పు తిని ఆకుకూర తినే మనిషి వేరు, పది గ్రాముల ఉప్పు తిని అన్నంలో తొక్కు కలుపుకునే మనిషి వేరు. ఇద్దరి కిడ్నీలూ ఒకే ఉప్పుతో రెండు రకాలుగా నడుచుకుంటాయి. 1997లో అమెరికాలో డాష్ అనే ప్రయోగం చేశారు. ఉప్పును మార్చకుండా కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు, గింజలు పెంచి చూశారు. బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున పదకొండు దాకా తగ్గింది. ఒక మాత్ర చేసే పని అది. నాలుగేళ్ల తర్వాత అదే భోజనంలో ఉప్పును కూడా తగ్గించి చూస్తే ఇంకా తగ్గింది. రెండూ కలిస్తేనే పూర్తి ఫలితం వస్తుందని అప్పుడు తేలింది.

ట్రాక్ మీద పనిచేసే తమ్ముళ్లు ఎప్పుడూ ఒకటి అడుగుతారు: "మే నెల ఎండల్లో చెమటతో ఉప్పు పోతది కదా, ఎక్కువ తినొద్దా?" అని. ఎండకు అలవాటుపడిన ఒళ్లు చెమటలో ఉప్పును పొదుపుగానే వదులుతుంది. పలుచటి సల్ల తాగండి, అందులో చిటికెడు ఉప్పు చాలు. ఒళ్లు తూలిపోతుంటే ఓ.ఆర్.ఎస్. తాగండి. ఆ ప్యాకెట్ వెనక ఏముందో చదవండి. సోడియంతో పాటు పొటాషియం కూడా ఉంటుంది. నీళ్లు పోయిన ఒంటికి ఏం కావాలో లెక్కగట్టినవాళ్లు ఉప్పును ఒంటరిగా పంపలేదు.

3

సరే, ఆ తోడు పోయింది ఎక్కడికి?

ఈ సభలో అరవై దాటినవాళ్లు చేతులెత్తండి. మీ చిన్నప్పుడు ఇంట్లో రోజూ అన్నమే వండేవాళ్లా? లేదు కదా. జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క. పండుగకో చుట్టం వచ్చినప్పుడో వరి అన్నం. ఓరుగల్లు చుట్టూ కాకతీయుల నాటి చెరువుల కింద వరి పండేది నిజమే, కానీ చెలక మీద బతికే ఇంటికి జొన్నే తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలిగా పడుకునే ఇళ్లలో ఆ బియ్యం కన్నీళ్లు తుడిచింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, కడుపు నిండిన నాకు అసలే లేదు. బోర్లు వచ్చాయి, కాలువలు వచ్చాయి, తెలంగాణ వరి గాదె అయింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లోనే సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం గెలిచింది. ఆ గెలుపులో ఏం జారిపోయిందో మాత్రం మనం తూచి చూసుకోలేదు.

ఎన్.ఐ.ఎన్. 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక వేసింది. అందులో పాలిష్ పట్టిన బియ్యం నూరు గ్రాములకు పొటాషియం సుమారు 108 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 19. జొన్నలో పొటాషియం 328, మెగ్నీషియం 133. దంపుడు బియ్యంలో మెగ్నీషియం 94 దాకా ఉంది. అంటే వడ్లగింజ మీది ఆ సన్నటి పొరను మిల్లు గీకేసినప్పుడే మెగ్నీషియంలో ఐదింట నాలుగు వంతులు తవుడులోకి పోతున్నది. మన బర్రెలకు మంచి మెగ్నీషియం అందుతున్నది.

రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం తినే మనిషికి బియ్యం నుంచి 77 మిల్లీగ్రాముల మెగ్నీషియం వస్తుంది. అదే బరువు జొన్నలైతే 500 దాటుతుంది. కావలసింది రోజుకు సుమారు 400. జొన్నలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, గింజల్లోని ఫైటేట్ కొంత అడ్డుపడుతుంది. అది తీసేసినా తేడా చాలా పెద్దది. పొటాషియం రోజుకు మూడున్నర గ్రాములైనా కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నాలుగు వందల గ్రాముల పాలిష్ బియ్యం అందులో అర గ్రాము కూడా ఇవ్వదు. మిగతా మూడు గ్రాములూ పక్కన పెట్టుకునే పప్పు, కూర, ఆకు, పండు, పెరుగు నుంచే రావాలి. లోకో పైలట్ బాక్స్‌లో అవి లేవు.

ఇంకొకరి పళ్లెంలో కూడా అవి ఉండవు. దీన్ని చెప్పడానికి మళ్లీ రామలింగస్వామి గారి దగ్గరికే వెళ్లాలి. 1996లో ఆయన మరో ఇద్దరితో కలిసి యూనిసెఫ్ కోసం "ఆసియా చిక్కుముడి" అనే వ్యాసం రాశారు. ఆఫ్రికా కన్నా దక్షిణాసియాలో పిల్లల పోషణ లోపం ఎందుకు ఎక్కువ అని అందులో ప్రశ్న. తిండి గింజల కొరత ఒక్కటే దానికి జవాబు కాదని, ఇక్కడి ఆడవాళ్లకు ఇంట్లో ఉన్న స్థానంలో జవాబు వెతకాలని ఆయన అన్నారు. శాస్త్రవేత్త అనేవాడు సూక్ష్మదర్శిని నుంచి తలెత్తి ఇంటి వసారాలోకి చూడడం అది.

మన వసారాలోకీ చూద్దాం. చివర ఎవరు తింటారు? అందరికీ కూర వడ్డించాక గిన్నెలో అడుగంటింది ఎవరి వంతు? అన్నం మిగులుతుంది, తొక్కు ఎప్పుడూ ఉంటుంది. ఇంటిల్లిపాదికీ పుంటికూర పప్పు, తోటకూర వండిపెట్టిన మనిషి తన వంతుకు అన్నంలో తొక్కు కలుపుకుని పీట మీంచి లేస్తుంది. ఇల్లంతటిలోకీ ఉప్పు ఎక్కువ, పొటాషియం తక్కువ ఉన్న పళ్లెం ఆమెదే. ఇనుము కూడా ఆమెకే తక్కువ. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. రక్తం పలచబడ్డ ఒంట్లో గుండె ఎక్కువ కొట్టుకోవాలి. ఆయాసం వచ్చిందంటే, "పనెక్కువై అలసిపోయాను" అనుకుంటుంది. మనమూ అట్లాగే అనుకుంటాం.

4

షుగర్ సంగతి త్వరగా చెబుతాను. మాత్రల షాపులో జరుగుతున్నదాని గురించి హెచ్చరించడం కోసమే ఈ మెట్టు.

2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, పెద్దవాళ్లలో మూడోవంతుకు పైగా బీపీ ఉంది. ఈ రెండు జబ్బులూ ఒకే ఇంట్లో, ఒకే ఒంట్లో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తట్టినప్పుడు లోపల తలుపు తీసే ఎంజైములకు మెగ్నీషియం కావాలి. పాంక్రియాస్ ఇన్సులిన్ విడుదల చేయాలంటే పొటాషియం సరిగ్గా ఉండాలి. బీపీకి మేమిచ్చే నీరు లాగే మాత్రలు కొందరిలో పొటాషియాన్ని తగ్గించి షుగర్‌ను పెంచుతాయి, అది మా రోజువారీ అనుభవమే. షుగర్ అదుపులో లేకపోతే మూత్రంలో మెగ్నీషియం పోతుంది. పోతే ఇన్సులిన్ ఇంకా మొద్దుబారుతుంది. ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి పడడమే.

ఇంతవరకు విని రేపు పొద్దున్నే మెగ్నీషియం మాత్రల డబ్బా కొనుక్కోకండి. మెగ్నీషియం ఉన్న తిండి తినేవాళ్లకు షుగర్ తక్కువగా వస్తున్నదని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. మాత్రగా మింగినప్పుడు మాత్రం ఫలితాలు ఒక తీరుగా లేవు. షుగర్‌కని అమ్మే క్రోమియం మాత్రలకైతే అంత ఆధారం కూడా లేదు. పొటాషియం మాత్రలు వైద్యుడు రాయకుండా మింగడం ప్రమాదం. నువ్వులు, పల్లీలు, కందిపప్పు, మునగాకు, జొన్న వంటివాటిలో ఈ ఖనిజాలు పీచుతో, మాంసకృత్తులతో కలిసి వస్తాయి. సంక్రాంతికి సకినాల పిండిలో నువ్వులు పోస్తాం. సర్వపిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు వేస్తాం. ఓరుగల్లు వంటకు ఈ తెలివి ఎప్పటినుంచో ఉంది. ఆ పిండిలో ఉప్పు సగం వేయండి చాలు.

5

ఇప్పుడు సిద్దిపేట. ఇక్కడి నుంచి హుస్నాబాద్ మీదుగా వెళ్తే వచ్చే మన సిద్దిపేటే.

ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మంది మీద ఒక ప్రయోగం జరిగింది, 2021లో అచ్చయింది. సగం మందికి మామూలు ఉప్పు ఇచ్చారు. మిగతా సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉప్పు ఇచ్చారు, కానీ అందులో డెబ్బై పాళ్లు సోడియం క్లోరైడ్, ముప్పై పాళ్లు పొటాషియం క్లోరైడ్. ఎవరికి ఏది అందిందో ఇచ్చినవాళ్లకూ తెలియదు, తిన్నవాళ్లకూ తెలియదు. అవే పొయ్యిలు, అవే చేతులు, అదే పప్పు, అదే చారు. మూడు నెలలు గడిచేసరికి పొటాషియం ఉప్పు వాడినవాళ్లలో బీపీ పై అంకె, మామూలు ఉప్పు వాడినవాళ్లతో పోలిస్తే, సగటున నాలుగున్నర దాకా ఎక్కువ తగ్గింది.

నాలుగున్నర అంటే ఏం లెక్క అని మీకు అనిపించవచ్చు. చైనాలో 600 ఊళ్లలో, సుమారు 21,000 మందితో, దాదాపు ఐదేళ్లు ఇలాంటి ప్రయోగమే చేశారు. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదంటే అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు 12 శాతం తగ్గాయి. ఆ ఇళ్లలో మారింది ఉప్పు డబ్బాలోని ఉప్పే. ఆ వార్త చదివిన రాత్రి నాకు కాంగ్రా లోయ గుర్తొచ్చింది. ఉప్పు బండి మళ్లీ కదిలిందనిపించింది. అప్పుడు అయొడీన్‌ను మోసింది, ఇప్పుడు పొటాషియాన్ని మోస్తున్నది.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్లలో ఇలాంటి ఉప్పు వాడుకోవచ్చని సూచించింది. అయితే ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి, రాసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ ఉప్పు వాడకూడదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు అసలే వాడకూడదు. చెడిన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. మీ మాత్రల చీటీ చూపించి, ఒకసారి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టండి. గర్భిణులకు, పిల్లలకు కూడా ఆ సూచన వర్తించదు. షుగర్ ఉన్న ఎంతోమంది కిడ్నీ సగం చెడ్డాక గానీ పరీక్షకు రారు. ఈ ఉప్పును రేషన్ దుకాణాల్లోకి వదిలే ముందు ఆ పరీక్షలు ఊళ్ల దాకా వెళ్లాలి.

చాలామంది ఇప్పుడు గులాబీ ఉప్పు, సైంధవ లవణం కొంటున్నారు. రంగు మారినా అదీ దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. పైగా సాధారణంగా అందులో అయొడీన్ కలపరు. రామలింగస్వామి గారి తరం గెలిచి ఇచ్చినదాన్ని డబ్బు పెట్టి వదులుకోవడం ఇది. ఆ గెలుపు కూడా నిలకడగా లేదు. అయొడీన్ లేని తిండి ఉప్పు అమ్మకం మీద ఉన్న నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసింది, మళ్లీ 2006 నుంచి అమల్లోకి తెచ్చింది. ఉప్పు తగ్గిస్తే అయొడీన్ తగ్గదా అని అడుగుతారు. ఉప్పు తక్కువ తినే జనానికి అందులో కలిపే అయొడీన్ పాళ్లు పెంచి సర్దుకోవచ్చు. అది చేయాల్సింది ప్రభుత్వం.

పొటాషియం కలిపిన ఉప్పు ధర మామూలు ఉప్పు కన్నా ఎక్కువ. ఉన్నవాళ్లే కొంటున్నారు. తొక్కు అన్నం తినేవాళ్లకు అది అందడం లేదు. సన్నబియ్యం ఇచ్చే రేషన్ దుకాణంలోనే, కిడ్నీ పరీక్ష చేయించుకున్న బీపీ రోగులకు ఈ ఉప్పు కూడా ఇవ్వాలని, బియ్యంతో పాటు జొన్నలు, కందిపప్పు ఇవ్వాలని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను. కాంగ్రాలో ఫలితం చూసిన దేశం దాన్ని కార్యక్రమంగా మార్చుకుంది. సిద్దిపేట ఫలితం మన గుమ్మంలోనే ఉంది.

6

ఆ లోకో పైలట్ సంగతి చెప్పి ముగిస్తాను.

రెండోసారి వచ్చినప్పుడు భార్యను కూడా రమ్మన్నాను. ఉప్పు గురించి, తొక్కు గురించి చెప్పాను. ఆమె నిష్ఠూరంగా, "ఉప్పు లేకుంటే ఆయనకు బుక్క ఎట్ల దిగుతది సారూ?" అంది. ఒకేసారి వద్దన్నాను. వారానికి కొంచెం తగ్గించమన్నాను, నాలుక రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. తొక్కు రెండు చెంచాలు అర చెంచా చేయమన్నాను. బాక్స్‌లో రాత్రి డ్యూటీకి పాడుకాని కూర ఏది ఉంటుందో ఆమే ఆలోచించింది. చింతపండు వేసి గట్టిగా దగ్గరపడేదాకా వండిన పుంటికూర పెట్టింది. రొట్టెతో పాటు పల్లీల పొడి పెట్టింది, ఉప్పు వేయకుండా. ఒక అరటిపండు పెట్టింది. కిడ్నీ పరీక్షలు బాగున్నాయి కాబట్టి వీటికి భయం లేదు.

నేను చెప్పినట్టే ఆమె ప్యాకెట్ల మీద తేదీలు రాసింది. ఖాళీ కవర్లు మడతపెట్టి కొంగున ముడేసుకుని తెచ్చింది. నలుగురున్న ఇల్లు. మొదటి ప్యాకెట్ 23 రోజులు వచ్చింది. రెండోది 31. మూడోది 39. అతని బీపీ అవే మాత్రలతో 138కి దిగింది. నేను చాలా సంతోషపడ్డాను. కవర్లు టేబుల్ మీద పరిచి, పక్క గదిలోని కాంపౌండర్‌ను కూడా పిలిచి చూపించాను.

వాళ్లు లేచి వెళ్లబోతుంటే ఆమె గుమ్మం దగ్గర చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. మూడుసార్లు వచ్చింది నా దగ్గరికి. మూడుసార్లూ నేను ఆయన గురించే అడిగాను. కూర్చోబెట్టి బీపీ పట్టీ చుట్టబోతే, "నాకెందుకు సారూ, నాకేం లేదు" అంది. 172/104 ఉంది. మీరు రోజూ ఏం తింటారమ్మా అని అప్పుడు, మొదటిసారి, ఆమెను అడిగాను.